జోడు గుర్రాలకు కీళ్ళ పొడి

మార్చి 2, సోమవారం

ఈ రోజు పనులు: దుప్పట్లు ఉతికాను. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను. అత్తయ్య మోకాళ్ళకు నూనె రాశాను (రెండుసార్లు, మొదటిసారి సరిగ్గా రాయలేదట). గుర్రాల సాలలో గడ్డి మార్చాను, దాణా కలిపాను. గుర్రాలు చుక్క, ఎర్రల ఛాతీ పట్టీలకు (బండి బరువు లాగేది వీటితోనే) నూనె పట్టించాను. చుక్క పట్టీ అంచులు మళ్ళీ కుట్టించాలి. ఎర్ర పట్టీ కొత్తదానిలా మెరుస్తోంది. ఎర్ర తన వస్తువు జాగ్రత్తగా వాడుకునే రకం. మిగిలిన పని: వంటింటి కుళాయి కారుతోంది. ప్లంబర్ రాలేదు. రేపు కూడా రాడు.

ఉదయం చుక్క సాల గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది. ముందుకాళ్ళు కర్రల్లా పెట్టి నిలబడిపోయింది. మామయ్య దాని మెడ నిమురుతూ, "రా తల్లీ, పొద్దున్నే నాకూ ఇంతే, నాలుగడుగులు పడితే అదే సర్దుకుంటుంది," అని బతిమాలారు. వెనకాల ఎర్ర ఎదురుచూస్తూ నిలబడింది. చుక్క కదిలితే గాని అది కదలదు. రెండూ ఇరవయ్యేళ్ళు దాటినవే. పార్కు గేటు దగ్గర జనాన్ని ఎక్కించుకుని తిప్పే మామయ్య జోడుబండికి ఎడమ పక్క చుక్క, కుడి పక్క ఎర్ర. ఒకసారి చుక్కను ఒక్క పూట వైద్యానికి తీసుకెళ్తే ఎర్ర సాల తలుపు తన్ని విరగ్గొట్టింది. ఆ తలుపు నేనే బాగుచేయించాను.

వచ్చే నెల మొదట్లో లైసెన్సు తనిఖీ. ఒక్కో గుర్రాన్నీ విడిగా గట్టినేల మీద డాక్టరు ముందు పరుగెత్తించాలి. కుంటితే బండికి పనికిరాదు. అలాంటిదాన్ని ఊరి బయట ముసలి పశువుల ఆశ్రమం వాళ్ళు తీసుకెళ్తారు. కుంటినదాన్ని మాత్రమే. జోడు అనే మాట వాళ్ళ కాగితాల్లో లేదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మొదలుపెట్టారు.

"నాన్నా, చుక్క ఈసారి గట్టెక్కదు. తనిఖీకి ముందే మనమే పంపించేద్దాం. పరువన్నా దక్కుతుంది."

"ఎవరి పరువు? నీదా, గుర్రానిదా?" అన్నారు మామయ్య.

"మొన్న చలికాలం బండి మెట్టు మీంచి జారింది నువ్వు. గుర్రం కాదు."

కూర ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. కీళ్ళకు పొడులేవో అమ్ముతారట, నేను కనుక్కుంటానని చెప్పాను. గుర్రాల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. ఆ వాసనే పడదు. పని అన్నాక ఎవరో ఒకరు పద్ధతిగా చెయ్యాలి కాబట్టి.

మామయ్య చెయ్యి కడుక్కుంటూ, "అమ్మాయ్, నువ్వు నాకు ఒక చుట్టు బాకీ. అదన్నా గుర్తుందా?" అన్నారు. పెళ్ళయిన కొత్తలో బండెక్కి పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి రమ్మంటే, వికారం వస్తుందేమోనని తర్వాత చూద్దామన్నాను. అప్పటి గుర్రాలు వేరు. ఇరవై రెండేళ్ళుగా గుర్తు చేస్తూనే ఉన్నారు. నేనూ తర్వాత చూద్దామంటూనే ఉన్నాను.

మార్చి 3

దాణా కొట్టుకు వెళ్ళాను. మూడు రకాలు చూపించాడు.

నీలం డబ్బా: తోక నిప్పులా లేచిన గుర్రం పరుగెత్తుతున్న బొమ్మ. వెనక చిన్న అక్షరాలు చదివితే సగం పైగా తీపి, వాసన. కీళ్ళకు పనికొచ్చే సరుకు చిటికెడు. మూడో రకం తెల్ల డబ్బాది చెంచాడు పెట్టే చోట ఇది నాలుగు చెంచాలు పెట్టాలి.

బంగారు మూత సీసా: "శక్తి సమ్మేళనం" అని ఉంది. ఏది ఎంత పాళ్ళలో ఉందో రాయలేదు. పాళ్ళు చెప్పని సమ్మేళనాన్ని నేను బట్టల సబ్బుగా కూడా కొనను.

తెల్ల డబ్బా: బొమ్మ లేదు. గ్లూకోసమీన్ ఇంత, కాండ్రాయిటిన్ ఇంత, గంధకం సరుకు ఇంత, ఏ బరువు గుర్రానికి ఎన్ని చెంచాలు, అన్నీ వరసగా ఉన్నాయి. మూత తీస్తే చేపల బజారు వాసన.

"ఎక్కువ పోయేది నీలమేనమ్మా," అన్నాడు కొట్టతను.

"పోయేది కాదు, పనిచేసేది కావాలి."

"పనిచేస్తుంది కాబట్టేగా పోతోంది!"

"కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చి కొన్నారా?"

"మళ్ళీ అంటే... రాలేదు."

"గుర్రం బాగుపడి రాలేదా, గుర్రం పోయి రాలేదా?"

అతను టీ తెప్పిస్తానని లోపలికి వెళ్ళాడు. తెల్ల డబ్బా తెచ్చాను.

మధ్యాహ్నం గుర్రాల డాక్టరమ్మకు ఫోన్ చేశాను. చిన్న వయసు. తొందరగా మాట్లాడుతుంది గానీ తప్పించుకోదు. "నిజం చెప్పనా ఆంటీ? గుర్రాల్లో ఈ పొడులు పనిచేస్తాయని గట్టి రుజువు లేదు. కొన్ని గుర్రాల్లో తేడా కనిపిస్తుంది. కొన్నిసార్లు యజమానికి మాత్రమే కనిపిస్తుంది. హాని లేదు, పెట్టండి. మూడు నెలలన్నా చూడకుండా ఏదీ తేల్చకండి. దానికంటే ముందు, ఒళ్ళు పెరగనివ్వకండి, నాడాలు సమంగా ఉన్నాయో చూడండి. లేచీ లేవగానే బండికి కట్టకుండా కాసేపు మెల్లగా నడిపించండి."

యజమానికి మాత్రమే కనిపించే తేడా నాకు అక్కర్లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. చుక్కకు పొడి. ఎర్రకు పొడి లేదు. మిగతా తిండి రెండింటికీ ఒకటే. బండి కట్టే ముందు పెరట్లో రెండింటినీ మామయ్య మెల్లగా తిప్పాలి, నేను గట్టు మీద కూర్చుని చూడాలి. తేడా వస్తే పొడిది. రాకపోతే డబ్బా వెనక్కి.

మామయ్య అంతా విని, "చుక్కకు పెట్టి ఎర్రకు పెట్టకుండానా?" అన్నారు.

"పోల్చడానికి ఒకటి ఉండాలి కదా మామయ్యా."

"సరే, నీ ఇష్టం," అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. నా వివరణ బాగుండి ఉంటుంది.

మార్చి 5

చుక్క దాణా వాసన చూసి, తల ఎత్తి నా వైపు చూసింది. అచ్చం నా వంటను అత్తయ్య చూసే చూపు. క్యారెట్ తురిమి కలిపాను. తినేసింది. క్యారెట్ లెక్కలోకి రాకూడదని ఎర్రకూ అంతే తురిమాను.

అత్తయ్య కిటికీలోంచి చూస్తున్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా నా మోకాళ్ళు కటకటమంటున్నాయి. ఈ ఇంట్లో నాకెవరూ డబ్బా కొనలేదు."

"మీకు నూనె రాస్తున్నాను కదత్తయ్యా."

"అదేనమ్మా నేననేది. గుర్రానికి తెల్ల డబ్బా, క్యారెట్ తురుము. నాకు నూనె."

మార్చి 9

తేడా లేదు. కుళాయి కారుతోంది.

మార్చి 14

చుక్క గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా బయటికి వచ్చి, నా చీర కొంగు నోట పెట్టుకుని నమిలింది. కొంగు ఉతికాను.

కానీ ఎర్ర కూడా మొన్నటికంటే చురుగ్గా ఉంది. ఎర్రకు పొడి లేదు. పొడి తినని గుర్రం కూడా బాగుంటే అది పొడి వల్ల కాదు. ఎండ కాస్త పెరిగింది, దాని వల్ల కావచ్చు. డబ్బా వెనక్కి ఇవ్వాల్సి వచ్చేలా ఉంది.

మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

మార్చి 17

పనులు రాయడానికి మనసు లేదు. రాస్తాను. ఇల్లు తుడిచాను, గిన్నెలు తోమాను, బజారు వెళ్ళొచ్చాను, అత్తయ్యతో గొడవ పడ్డాను.

నేను వేసిన లెక్కకు తెల్ల డబ్బాలో సగానికి పైగా పొడి ఉండాలి. అడుగు కనిపిస్తోంది. చెంచా నా చేతిలోనే ఉంటుంది, తప్పు కొలిచే ప్రశ్నే లేదు. నిన్న అత్తయ్య గోడ పట్టుకోకుండా మెట్లు ఎక్కారు. నా కళ్ళతో చూశాను.

సూటిగా అడగడం మర్యాద కాదు. చుట్టు తిప్పి అడిగాను.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయత్తయ్యా?"

"నువ్వు ఎప్పుడూ అడగనిది అడిగావంటే ఏదో ఉంది. చెప్పు."

"ఏం లేదు. గుర్రాల మందు మనుషులు తినకూడదని డబ్బా మీద రాసుంది. ఊరికే చెబుతున్నాను."

ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లోనే నేను వంటింట్లోకి వెళ్ళిపోయి ఉండాల్సింది.

"అంటే దొంగతనంగా దాణా తింటున్నాననా? నేనా? ఈ ఇంటికి పెద్దదాన్నయ్యుండి? రేపు మూతికి సంచి కడతావా? కళ్ళెం కూడా వేస్తావా?"

తర్వాత వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేశారు. తలుపు వేసుకోలేదు. "మా కోడలు నన్ను సాలలో కట్టేస్తుందటే" అన్న మాట మూడు గదుల అవతలికి వినిపించింది.

మార్చి 18

అత్తయ్య మాట్లాడలేదు.

మార్చి 19

మాట్లాడలేదు. నూనె తనే రాసుకున్నారు. సీసా మూత పెట్టలేదు. నేను పెట్టాను.

మార్చి 21

బజారుకు బయల్దేరి, సంచి మర్చిపోయి వెనక్కి వచ్చాను. సాలలో చెంచా చప్పుడైంది.

మామయ్య. ఒక చేతిలో తెల్ల డబ్బా, ఇంకో చేతిలో వంటింటి గరిటె. ఎర్ర మూతి బకెట్లో ఉంది. నన్ను చూసి గరిటె వెనక దాచుకున్నారు. డబ్బా దాచడం మరిచిపోయారు.

"ఎప్పటి నుంచి మామయ్యా?"

"మొదటి రోజు నుంచే."

"పోల్చడానికి ఒకటి ఉండాలని చెప్పాను కదా."

"చెప్పావు. బాగానే చెప్పావు. నువ్వటు వెళ్ళగానే ఎర్ర చుక్క బకెట్ కేసి చూసింది, తర్వాత నాకేసి చూసింది. ఏం చెప్పమంటావు దానికి? మా కోడలు పోల్చి చూస్తోందనా? ఒకే బండికి కట్టిన జోడు అమ్మాయ్. ఒకదానికి పెట్టి, ఇంకోదానికి ఎగ్గొట్టి, ఏ మొహం పెట్టుకుని పగ్గం పట్టుకోను?"

ఆయన చేతిలోంచి గరిటె తీసుకున్నాను. వంట గరిటె అది.

కాబట్టి ఇన్నాళ్ళూ నేను పొడి తిన్న గుర్రాన్ని పొడి తిన్న గుర్రంతో పోల్చాను.

సాయంత్రం అత్తయ్య గదికి వెళ్ళాను. నూనె సీసా పట్టుకెళ్ళాను. "తప్పయిపోయిందత్తయ్యా, మామయ్య ఎర్రకు పెడుతున్నారు," అన్నాను. ఆవిడ కాళ్ళు చాపారు.

"నలభై ఎనిమిదేళ్ళలో ఆయన నాకు ఎప్పుడన్నా దొంగతనంగా ఏమన్నా తెచ్చిపెట్టారేమో అడుగు," అన్నారు. "ఎడమ మోకాలికి ఇంకాస్త రాయి."

మార్చి 22

రెండో తెల్ల డబ్బా తెచ్చాను. ఇక రెండింటికీ. కొట్టతను నన్ను చూసి, "మళ్ళీ వచ్చారే!" అని ఆశ్చర్యపోయాడు.

మార్చి 30

చుక్క పెరట్లో దానంతట అదే చిన్న పరుగు తీసింది. ఎర్ర వెంటే తీసింది. గట్టెక్కుతాం అనిపించింది. గట్టెక్కుతుంది అని రాయాలి. తనిఖీ గుర్రానికి, నాకు కాదు.

ఏప్రిల్ 2, గురువారం

తనిఖీ. ఉదయమే రెండింటినీ రుద్ది కడిగాను, పట్టీలు తుడిచాను. వంట తర్వాత చేశాను.

డాక్టరమ్మే వచ్చింది. ముందు చుక్క. మామయ్య పక్కనే పరుగెత్తలేరు కాబట్టి డాక్టరమ్మ మనిషి తాడు పట్టుకున్నాడు. చుక్క మొదట బిగుసుకుంది, తర్వాత సాఫీగా వెళ్ళి సాఫీగా వచ్చింది. డాక్టరమ్మ దాని కాళ్ళు వంచి చూసి, "వయసుకి బాగుంది తాతగారూ. తేలికపాటి పనికి సరిపోతుంది," అంది.

మామయ్య నావైపు తిరిగి మీసం సర్దుకున్నారు. నేను డబ్బా సంగతి ఎత్తలేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

తర్వాత ఎర్ర. చుక్క లేకుండా కదలలేదు. చుక్కను దారి చివర నిలబెడితే అప్పుడు కదిలింది. పరుగులో ముందుకాలు ఒకటి నేలకు ఆనినప్పుడల్లా తల పైకి ఎగరేసింది. ఆనినప్పుడల్లా.

"ఇంకోసారి," అంది డాక్టరమ్మ. ఇంకోసారీ అంతే. ఆమె కాలు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఈ నెలలో వచ్చింది కాదు. చాలా కాలంగా ఉంది. చుక్క కాదు తాతగారూ, కుంటిది ఇది."

"ఎర్రా? ఎర్రకేం! బండిలో ఒక్కనాడూ కుంటలేదు," అన్నారు మామయ్య.

"బండిలో ఇది లాగితేగా. పక్కన నడుస్తోంది, అంతే. ఇద్దరి వంతు బరువూ చుక్కే లాగుతోంది. అది బిగుసుకుపోయింది అందుకే." ఆమె కొక్కేలకు వేలాడుతున్న పట్టీలు రెండూ తీసి పక్కపక్కన పట్టుకుంది. "చూడండి. చుక్కది ఎలా అరిగిందో. ఎర్రది నిన్న కొన్నట్టుంది."

ఆ పట్టీలకు వారం వారం నూనె రాసేది నేను. ఎర్ర తన వస్తువు జాగ్రత్తగా వాడుకుంటుందని పోయిన నెల రాసుకున్నాను కూడా. వెనక్కి తిప్పి చూశాను. అలాగే ఉంది.

మామయ్య గట్టు మీద కూర్చున్నారు. చుక్కను దగ్గరికి తీసుకుని, "నాకు చెప్పొద్దటే?" అన్నారు. ఎర్రను ఏమీ అనలేదు.

ఎర్రకు లైసెన్సు లేదు. జోడుబండికి ఒక గుర్రం సరిపోదు. చుక్కది ఒక్కతే లాగే వయసు కాదు. రెండింటికీ బరువు లేకుండా రోజూ మెత్తటి నేల మీద నడక మంచిదని చెప్పి డాక్టరమ్మ వెళ్ళింది.

ఏప్రిల్ 3

మామయ్య బండి నంబరు బిళ్ళ విప్పి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. లైసెన్సు ఆఫీసులో అప్పగించాలట. మురికిగా ఉంటే బాగుండదని తోమాను. మెరిసింది. మెరవకపోయినా తీసుకునేవాళ్ళే.

ఏప్రిల్ 4

మా ఆయన ఆశ్రమానికి ఫోన్ చేశారు. బుధవారం వ్యాన్ వస్తుంది. ఎర్రకు.

"చుక్కను ఎవరికన్నా ఇద్దాం. నాన్న ఇక సాలలో జారి పడకుండా ఉంటే చాలు నాకు," అన్నారు. ఆయన తప్పు మాట్లాడలేదు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు ఈ మధ్య.

ఏప్రిల్ 6

దాణా కలిపాను. రెండింటికీ.

ఏప్రిల్ 8, బుధవారం

వ్యాన్ వచ్చింది. గుర్రం ఎక్కడానికి చెక్క పలక వేశారు. ఎర్ర ఎక్కలేదు. క్యారెట్ చూపించారు, ఎక్కలేదు. వెనక నుంచి నెట్టారు. నెట్టినవాళ్ళు అలిసిపోయారు.

చివరికి వ్యాన్ అతనికి ఒక ఉపాయం తట్టింది. ముందు చుక్కను ఎక్కించాడు. ఎర్ర దాని వెనకే బుద్ధిగా ఎక్కింది. చుక్కను దింపాడు. ఎర్ర దిగిపోయింది. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ దింపాడు. మా వీధి వాళ్ళందరూ గేట్ల దగ్గరికి వచ్చారు.

మూడోసారి రెండూ లోపల ఉండగా మామయ్య కూడా పలక మీదుగా పైకెక్కి గడ్డి మీద కూర్చున్నారు.

"నాన్నా, దిగు."

"ఎందుకు? ముసలివాళ్ళ ఆశ్రమమేగా. ముగ్గురమని రాసుకోమను."

"పశువులకండీ," అన్నాడు వ్యాన్ అతను.

అత్తయ్య అరుగు మీద నుంచి, "ఫరవాలేదు బాబూ, తీసుకెళ్ళు. ముగ్గురికీ నేను సంతకం పెడతా," అన్నారు.

వ్యాన్ అతను చెమట తుడుచుకుని కాగితం మా ఆయనకు ఇవ్వబోయాడు. మేపుతున్నవాళ్ళే సంతకం చెయ్యాలట. మేపుతున్నది నేను. కాగితం నా చేతికి వచ్చింది.

"పెట్టెయ్, అయిపోతుంది," అన్నారు మా ఆయన మెల్లగా.

సంతకం పెట్టే ముందు వివరాలు కనుక్కోవడం నా పద్ధతి.

"అక్కడ కీళ్ళకు ఏ పొడి పెడతారు?"

"పొడా? ముప్ఫై నలభై పశువులమ్మా. గడ్డి వేస్తాం, నీళ్ళు పెడతాం. పుణ్యం కొద్దీ చేస్తున్నాం."

"పాళ్ళు ఎవరు కొలుస్తారు?"

"ఏం పాళ్ళు?"

కాగితం మడతలు పోకుండా అతనికి తిరిగి ఇచ్చేశాను. మా ఆయనకు విషయం వివరించాను. ఏ పొడైనా మూడు నెలలు చూస్తే గాని తేలదు. ఎర్రకు సరైన కొలతతో మొదలుపెట్టి ఇంకా నెల కాలేదు. మధ్యలో ఆపితే ఇంత పనీ బూడిదలో పోసిన పన్నీరు.

"మూడు నెలలయ్యాక?"

"తెల్లది పనిచేయలేదని తేలితే ఇంకో రకం చూడాలి. దానికీ మూడు నెలలు పడుతుంది."

ఆయన నా వైపు తిరిగారు.

"నీకు గుర్రాలంటే పడదు కదా?"

"పడదు."

"నాన్న జారి పడితే?"

"సాల పని నేను చేస్తాను. ఎలాగూ చేస్తున్నదే."

ఆయన వ్యాన్ దగ్గరికి వెళ్ళి పలక పట్టుకున్నారు. "దిగు నాన్నా. మెల్లగా. చెయ్యి ఇవ్వు," అన్నారు. మామయ్య చెయ్యి ఇచ్చారు. చుక్క దిగింది. దాని వెనక ఎర్ర దిగింది. వ్యాన్ అతనికి టీ ఇచ్చి పంపాను.

ఏప్రిల్ 9, గురువారం

ఈ రోజు పనులు: ఇల్లు తుడిచాను. అత్తయ్యకు నూనె రాశాను (ఒక్కసారే, సరిపోయిందన్నారు). దాణా కలిపాను. ఎర్ర పట్టీకి, చుక్క పట్టీకి నూనె పట్టించి సంచిలో కట్టి అటక మీద పెట్టాను. కట్టిన తర్వాత విప్పి ఇంకోసారి చూశాను. ప్లంబర్ వచ్చాడట. నేను ఇంట్లో లేను. వెళ్ళిపోయాడు.

ఇంట్లో లేకపోవడానికి కారణం: డాక్టరమ్మ రోజూ నడిపించమంది. రెండు తాళ్ళూ మామయ్య ఒక్కరే పట్టుకుంటే ప్రమాదం. మా ఆయన ఆఫీసుకు వెళ్ళారు. అత్తయ్యను అడగలేం.

ఎర్ర తాడు నా చేతికి ఇచ్చారు మామయ్య. "చేతికి చుట్టుకోకు అమ్మాయ్. వదులుగా పట్టుకో. అది నిన్ను లాగదు, చుక్కను చూసి నడుస్తుంది."

పార్కు గోడ పక్కన మట్టిదారి మీద నడిచాం. ముందు మామయ్య, చుక్క. వెనక ఎర్ర, నేను. గుర్రానికి అంత దగ్గరగా ఎప్పుడూ నడవలేదు. వాసన ఉంది. వికారం రాలేదు. తల ఎగరేస్తుందేమోనని చూశాను. నడకలో ఎగరేయలేదు. పొడి వల్లనో, నడక వల్లనో, నాకు మాత్రమే కనిపించిన తేడానో ఇప్పుడే చెప్పలేను.

గేటు దగ్గర బెలూన్లు అమ్మేవాడు, "ఏం పెద్దాయనా, బండేదీ?" అని అరిచాడు.

"బండి బరువు తగ్గించాం. కోడలు కూడా నడుస్తోంది, చూడు," అన్నారు మామయ్య.

గోడ చివరి మలుపు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చాం. చుక్క ఆగింది. ఎర్ర ఆగింది. నేనూ ఆగాను. మామయ్య గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఇరవై రెండేళ్ళు పట్టిందే అమ్మాయ్," అన్నారు.

"బండిలో కాదుగా మామయ్యా."

"బండి ఎవడిక్కావాలి? పక్కన ఎవరో ఒకరు ఉంటే చుట్టు బాగుంటుందనే రమ్మన్నాను."

నేను ఎర్ర మూతి కేసి చూశాను. గడ్డిపరక అంటుకుని ఉంది, తీశాను. గుర్రాల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. రేపు కాస్త తొందరగా బయల్దేరితే ఎండ తగలదు.

మామయ్యకు పార్కు చుట్టూ ఒక చుట్టు బాకీ: చెల్లు.